నారుమడి జట్టా, కౌలు జట్టా?

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర మూడు రోజులుగా బండి ఆగిపోయింది. తలా ఓ చెయ్యి వేయండి.

పిల్లల పత్రిక ఒకదానికి బేస్‌బాల్ మీద వ్యాసం రాస్తున్నాను. పేరున్న పెద్ద జట్ల మీద కాదు, బ్లూఫీల్డ్ అనే చిన్న ఊరి జట్టు మీద. రాయడం మొదలుపెట్టానో లేదో 'రూకీ లెవెల్ ఫార్మ్ టీమ్' అనే మాట అడ్డం పడింది. ఇంగ్లీషులోనే వదిలేయొచ్చు, ఎవరూ కాదనరు. కానీ చదివేది ఆరో తరగతి పిల్లలు. ఫార్మ్ అంటే వాళ్లకి కోళ్ల ఫారమే గుర్తొస్తుంది.

ముందు సంగతి చెప్తాను, తర్వాత మాట చూద్దాం. అమెరికాలో పైన మేజర్ లీగ్, అందులో 30 జట్లు. ఒక్కో జట్టు కింద మెట్లు మెట్లుగా మైనర్ లీగ్ జట్లు. వీటినే ఫార్మ్ టీమ్‌లంటారు. అన్నిటికంటే కింది మెట్టు పేరు రూకీ. 2019 దాకా పదిహేడు, పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు జూన్‌లో ఎంపికై నేరుగా ఇక్కడికొచ్చి పడేవాళ్లు. జూన్ ఆఖర్లో మొదలైన ఆటలు ఆగస్టు ఆఖరుకి అయిపోయేవి. బాగా ఆడితే పై మెట్టు, లేకపోతే ఇంటికి బస్సు.

బ్లూఫీల్డ్ బొగ్గు గనుల కొండల్లో, వెస్ట్ వర్జీనియా, వర్జీనియా రాష్ట్రాల హద్దు మీద ఉంటుంది. హద్దుకి అటొక బ్లూఫీల్డ్, ఇటొక బ్లూఫీల్డ్. జట్టేమో వెస్ట్ వర్జీనియా ఊరిది. అది ఆడే బోవెన్ ఫీల్డ్ మైదానం మాత్రం వర్జీనియా వైపు ఉంది. 1939లో కట్టారు. సొంత మైదానంలో ఆడాలన్నా పక్క రాష్ట్రానికి వెళ్లాలన్నమాట. ఇంకో ముచ్చట: అక్కడ ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, అంటే మన లెక్కలో 32 దాటితే, ఊళ్లో వర్తక సంఘం వాళ్లు జనానికి ఉచితంగా నిమ్మరసం పోస్తారు. ఆ మొక్కు రెంటచింతలలో మొక్కుకుంటే ఏడాదికి ఎన్ని లారీల నిమ్మకాయలు కావాలో!

ఈ ఊరి జట్టు 1958 నుంచి 2010 దాకా బాల్టిమోర్ ఓరియోల్స్ అనే మేజర్ లీగ్ జట్టు కింద ఉంది. 53 ఏళ్లు. 1963లో మైనర్ లీగుల మెట్లు మార్చినప్పుడు, ఇది ఆడే అపలాచియన్ లీగ్ రూకీ మెట్టయింది. తర్వాత పెద్ద లీగులో పేరు తెచ్చుకున్న ఎడ్డీ మరే 1973లో ఇక్కడే మొదలుపెట్టాడు. 1978లో కాల్ రిప్కెన్ జూనియర్ వచ్చాడు. అప్పటికి ఇద్దరివీ పదిహేడేళ్లే. రిప్కెన్ ఆ వేసవంతా ఆడి ఒక్క హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కూడా కొట్టలేదు, సున్నా. తర్వాత పెద్ద లీగులో 431 కొట్టాడు. ఒక్క ఆటా మానకుండా వరసగా 2,632 ఆడాడు. ఆ రికార్డు ఇప్పటికీ అతనిదే.

ఆ సున్నా చూసినప్పుడే నాకు 'నారుమడి' అనే మాట తట్టింది. నారుమడిలో ఉన్న మొక్కని చూసి ఎన్ని గింజలు పట్టిందని ఎవరూ అడగరు కదా. పైగా ఎకరం నాటడానికి ఐదు సెంట్ల నారుమడి చాలు. చిన్న చోట ఒత్తుగా పోసి, ఇరవై అయిదు, ముప్పై రోజులకి పీకి పెద్ద చేలో నాటడమే దాని పని. అప్పట్లో బ్లూఫీల్డ్ పనీ సరిగ్గా ఇదే. ఆడవాళ్లు నారు పీకేటప్పుడు చూశారా? పిడికెడు మొక్కలు వేళ్లతో సహా లాగి, వేళ్లకున్న బురద పోవడానికి కాలికేసి రెండుసార్లు కొట్టి, గడ్డి పరకతో కట్ట కట్టి వెనక్కి విసురుతారు. ఆగస్టు ఆఖర్లో పెట్టెలు సర్దుకుంటున్న ఆ కుర్రాళ్లు నాకు అలాగే కనిపించారు.

కాబట్టి 'నారుమడి జట్టు' అందామనుకుంటున్నాను. తప్పైతే చెప్పండి.

*

వ్యాఖ్య: రూకీకి 'పసికూన' ఉందిగా. మన పేపర్ల స్పోర్ట్స్ పేజీలో రోజూ కనబడే మాటే.

జవాబు: నేనూ మొదట అదే రాసి కొట్టేశాను. స్పోర్ట్స్ పేజీలో పసికూన అంటే బలం లేని జట్టు. 'పసికూన చేతిలో ఓడారు' అని రాస్తారు. రూకీ బలహీనుడేం కాదు, కొత్తవాడు, అంతే. 'అరంగేట్రం' కూడా చూశాను. అది మొదటిసారి బరిలోకి దిగిన రోజుకి సరిపోతుంది. రెండు నెలలపాటు అరంగేట్రం చేస్తూనే ఉండలేం కదా.

*

వ్యాఖ్య: అసలు రూకీ అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చింది?

జవాబు: సైన్యం నుంచి. కొత్తగా చేరిన సిపాయిని రిక్రూట్ అంటారు. ఆ మాటే నోళ్లలో అరిగి రూకీ అయిందని ఎక్కువమంది అంచనా. పందొమ్మిదో శతాబ్దం చివరికే వాడుకలో ఉంది. బారక్‌లో పుట్టి మైదానంలోకి వచ్చిందన్నమాట.

*

వ్యాఖ్య: మాది కోనసీమ. మేం నారుమడి అనం, ఆకుమడి అంటాం. ఆకు తీయడం, ఊడ్పులు. నారుమడి అంటే అర్థమవుతుంది గానీ, మిరప నారో వంగ నారో అనిపిస్తుంది.

వ్యాఖ్య: మా కరీంనగర్ దిక్కు తుకం అంటరు. తుకం పోసుడు, నాట్లు ఏసుడు. 'తుకం జట్టు' అని రాస్తే మా పిల్లలకు పట్టుకొని చెప్పినట్టుంటది. పేపర్ల 'వరి తుకాలు' అని కూడ ఏస్తరు.

జవాబు: ఇద్దరికీ దండాలు. తుకం భలే మాట, నేను రాతలో ఎప్పుడూ వాడలేదు. కానీ పత్రిక రెండు రాష్ట్రాలకూ వెళ్తుంది. మూడింటిలో నారుమడి అయితే ఎక్కువమందికి తెలుస్తుందని నా ఆశ. ఆకుమడి, తుకం రెండూ పక్కన చిన్న పెట్టెలో ఇస్తాను. మాట మాటకి ఊరు మారుతుందని పిల్లలకీ తెలుస్తుంది.

*

వ్యాఖ్య: రిటైరైన రెవెన్యూ వాణ్ణి. నారుమడి అందంగా ఉంది గానీ ఒక చిక్కుంది. ఇంగ్లీషు ఫార్మ్‌కి పాత అర్థం పొలం కాదు, ఇంత అని కట్టిన శిస్తు. లాటిన్ ఫిర్మా నుంచి వచ్చింది. మన పాత కాగితాల్లో ఇజారా, గుత్త అనేది అదే. ఫార్మ్ అవుట్ అంటే గుత్తకివ్వడం. ఆటగాణ్ణి వేరే ఊరి జట్టుకి అప్పగించడాన్ని 'ఫార్మింగ్' అనడం 1890లకే ఉంది. అప్పటికి విత్తనమూ లేదు, మొలకా లేదు. కాబట్టి మీ మాట గుత్త జట్టు కావాలి.

జవాబు: మాస్టారూ, ఇది నా కళ్లు తెరిపించింది. పొలం అనే ఊహ తర్వాత వచ్చి చేరినట్టుంది. 1920లలో సెయింట్ లూయిస్ కార్డినల్స్‌లో బ్రాంచ్ రికీ అనే ఆయన ఈ పద్ధతిని పెద్దది చేశాడు. ఆ జట్టుకి డబ్బు తక్కువ. తయారైన ఆటగాళ్లని కొనలేక, పిల్లల్ని చవగ్గా తెచ్చి చిన్న ఊళ్లలో పెంచుకోవడం మొదలుపెట్టాడు. 1940 నాటికి ఆయన చేతికింద ముప్పైకి పైగా జట్లుండేవి. అలా పెంచడం మొదలయ్యాక ఫార్మ్ అంటే జనానికి పొలమే కనిపించి ఉంటుంది.

అయితే మీరన్న గుత్త ఇప్పటికీ అందులో ఉంది. బ్లూఫీల్డ్‌లో 2020 దాకా నడిచిన సంగతే చూడండి. మైదానం, టికెట్లు, గడ్డి కోయడం, లైట్లు ఊరి వైపు వాళ్ల బాధ్యత. ఆటగాళ్లు, కోచ్‌లు, వాళ్ల జీతాలు పైజట్టువి. మధ్యలో గడువున్న కాంట్రాక్టు. నేల ఒకరిది, విత్తనం ఒకరిది, నారు పట్టుకెళ్లేది ఆ విత్తనం వాడే. ఇది అచ్చం కౌలు. 2010తో ఓరియోల్స్ కౌలు వదులుకున్నారు. మరుసటి ఏడాది టొరంటో బ్లూ జేస్ వచ్చి అదే నేలలో తమ విత్తనం చల్లారు. ఇప్పుడు పెద్ద లీగులో పేరున్న వ్లాదిమిర్ గెరెరో జూనియర్ 2016లో పదిహేడేళ్లకి మొదలుపెట్టింది ఆ జట్టులోనే.

*

వ్యాఖ్య: నారు పోసినవాడు నీరు పోయడా? ఈ సామెతతోనే వ్యాసం మొదలుపెట్టండి, బాగుంటుంది.

జవాబు: అమ్మా, అక్కడే నాకు గొంతు పట్టేసింది. సామెతలో 'వాడు' దేవుడు. పుట్టించినవాడు కూడు పెట్టకపోతాడా అని ధైర్యం చెప్పుకునే మాట. ఇక్కడ నారు పోసినవాళ్లు నీరు ఆపేశారు. 2020లో కరోనా వల్ల మైనర్ లీగుల సీజన్ మొత్తం రద్దయింది. ఆ తర్వాత మేజర్ లీగ్ వాళ్లు కింది జట్లని 160 దాకా ఉన్నవాటిని 120కి కుదించారు. అపలాచియన్ లీగ్‌కి రూకీ హోదా పోయింది. 2021 నుంచి అది కాలేజీ కుర్రాళ్లు వేసవి సెలవుల్లో జీతం లేకుండా ఆడే లీగ్. బ్లూఫీల్డ్ జట్టు పేరు కూడా మారి రిడ్జ్ రన్నర్స్ అయింది.

రూకీ మెట్టు ఇప్పుడూ ఉంది. కాకపోతే ఫ్లోరిడా, అరిజోనా, డొమినికన్ రిపబ్లిక్‌లలో పైజట్ల సొంత శిక్షణ మైదానాల్లో మాత్రమే. దానికి ఊరి పేరుండదు. బెంచీల మీద కూర్చుని అరిచే ఊరి జనమూ ఉండరు. నారుమడిని యజమాని పెరట్లోకి మార్చేసుకున్నాడు. ఖర్చు లెక్కలో అది తెలివైన పనే కావచ్చు. నాకు మాత్రం కోపంగానే ఉంది.

*

వ్యాఖ్య: అన్నా, ఆ కుర్రాళ్లకి జీతం ఎంత? అమెరికా కదా, బాగానే ఇస్తారేమో.

జవాబు: అదీ కథే. 2021లో పెంచకముందు రూకీ మెట్టులో కనీసం వారానికి 290 డాలర్లు, అదీ సీజన్ నడిచినన్నాళ్లే. మన పాత ఆఫీసుల్లో 'ఉమేదువారు' అనే మాట ఉండేది, పైన రెవెన్యూ మాస్టారికి తెలిసే ఉంటుంది. ఎప్పటికైనా ఉద్యోగం ఖాయమవుతుందని ఊరికే పనిచేసేవాడు. ఉమేద్ అంటే ఉర్దూలో ఆశ. రూకీకి దీనికంటే నిజమైన తెలుగు మాట నాకు దొరకలేదు గానీ, ఆరో తరగతి పిల్లలకి చెప్పాలంటే మళ్లీ ఇంకో వ్యాసం రాయాలి. ఈ జీతాల మీద 2014లో ఆటగాళ్లు కోర్టుకెక్కారు. 2022లో మేజర్ లీగ్ 18.5 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. 2023లో యూనియన్ ఒప్పందంతో రూకీ జీతం ఏడాదికి 4,800 నుంచి 19,800 డాలర్లయింది.

*

వ్యాఖ్య: మనవాళ్లు ఎవరైనా ఈ మెట్టు ఎక్కారా?

జవాబు: తెలుగువాళ్ల సంగతి కాదు గానీ, ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు ఇద్దరున్నారు, రింకూ సింగ్, దినేశ్ పటేల్. జావెలిన్ విసిరేవాళ్లు. బంతి ఎంత వేగంగా విసరగలరో చూసే టీవీ పోటీలో 2008లో బయటపడ్డారు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ వాళ్లని తీసుకుంది. 2009లో ఫ్లోరిడాలో రూకీ మెట్టులో ఆడారు. ఈ రింకూ మన క్రికెట్ రింకూ కాదు. ఇతను తర్వాత కుస్తీ పోటీలకి వెళ్లి వీర్ మహాన్ అనే పేరుతో టీవీల్లో కనిపించాడు.

*

వ్యాఖ్య (కోనసీమ నుంచి మళ్లీ): నారు ముదిరితే ఏం చేస్తారో కూడా రాయండి. కాలవ నీళ్లు ఆలస్యమైతే మా దగ్గర ముదురాకు వేస్తారు, పిలకలు పెట్టదు.

జవాబు: రాస్తున్నాను. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్లొచ్చినా రూకీ మెట్టులోనే ఉన్న ఆటగాణ్ణి అక్కడా అలాగే చూస్తారు. 'ఈ మెట్టుకి వయసు ఎక్కువ' అని రిపోర్టులో రాస్తే ఇక సర్దుకోమనే. 'ముదురాకు' అనే మాట మీ పేరు చెప్పి వాడుకుంటాను.

*

చివరికి వ్యాసంలో పెట్టిన వాక్యం ఇది: 'బ్లూఫీల్డ్ 53 ఏళ్లు ఓరియోల్స్ జట్టుకి నారుమడిగా ఉంది. నేల ఊరు ఇచ్చింది, నారు ఓరియోల్స్ పోసింది.' గుత్త, కౌలు సంగతి పక్కన పెట్టెలో వస్తుంది. బహువచనం మాత్రం తేల్చుకోలేదు. 'నారుమడులు' రాశాను.

వ్యాఖ్య: నారుమళ్లు అనండి బాబూ. మడులు అంటే మా బామ్మ ఆరేసుకునేవి.

జవాబు: దిద్దాను!