రెక్కల మీద రెండు పసుపు మచ్చలున్న కీచురాయి: మీరేం గమనించారు?

హనుమకొండ పెరడు:
వానలు మొదలైనప్పటి నుంచి మా పూలకుండీల దగ్గర ఒక కీచురాయి రాత్రంతా అరుస్తోంది. టార్చి పట్టుకుని రెండడుగులు వేస్తే చాలు, టక్కున ఆపేస్తుంది. నిన్న ఇటుక తీసి చూస్తే దొరికింది. నిగనిగలాడే నలుపు, రెక్కల మొదట్లో రెండు పసుపు మచ్చలు. ఇది ఏ జాతి? నేను వస్తున్నట్టు దానికి ఎలా తెలుస్తోంది?

కాజీపేట టీచరు:
గ్రిల్లస్ బైమాక్యులేటస్. ఆ పేరుకు అర్థమే రెండు మచ్చలది అని. మీకు దొరికింది మగది, ఆడవి అరవవు. అది గొంతుతో చేసే చప్పుడు కాదు. ఒక రెక్క అడుగున ఆకురాయి లాంటి పళ్ల వరుస ఉంటుంది, రెండో రెక్క అంచు దాని మీద రాసుకుంటుంది. చెవులేమో ముందు కాళ్లకు, మోకాళ్ల కింద ఉంటాయి! నేల అదిరినా కాళ్లకే తెలుస్తుంది. వెనక ఉన్న రెండు పోగుల మీది నూగు గాలి కదలికను పసిగడుతుంది.

పరకాల పత్తిచేను:
మా నల్లరేగడి నెర్రెల్లో ఇవి దాక్కుంటాయి. లేత మొలకలను కొరుకుతాయి, కాదనను. కానీ చిన్న పురుగులనూ తింటాయి. ఆడదాని వెనక సూది చూసి పిల్లలు కొండి అనుకుని తొక్కేస్తారు, అదే నా బాధ. అది కుట్టదు. తడి మట్టిలో ఆ సూది దించి గుడ్లు పెడుతుంది.

నర్సంపేట:
నేను ఒకదాన్ని సీసాలో పెంచాను. ఒక రాత్రి వీపు చీలి, అందులోంచి పాలమీగడ రంగు కీచురాయి మెల్లగా బయటికొచ్చింది. మీసాలను చివరిదాకా లాక్కోవడానికే చాలాసేపు పట్టింది. తర్వాత విడిచిన పొరను తానే తినేసింది. తెల్లారేసరికి మళ్లీ నలుపే. చలికాలంలో వీటి అరుపు నెమ్మదిస్తుంది కదా, దాన్నిబట్టి ఉష్ణోగ్రత చెప్పవచ్చా?

కాజీపేట టీచరు:
1897లో అమెరికాలో ఎమోస్ డోల్‌బేర్ అలాంటి సూత్రమే ప్రచురించారు. అది అక్కడి కీచురాళ్ల లెక్క. ఆ అంకెలను మన వాటికి వాడకండి. హనుమకొండ వారూ, టార్చి ఆర్పి కదలకుండా కూర్చుని చూడండి.

హనుమకొండ పెరడు:
కూర్చున్నాను. పది నిమిషాలకు మళ్లీ మొదలుపెట్టింది. కాసేపటికి ఆ పెద్ద అరుపు ఆగి, గడియారం టిక్కుల్లా సన్నని చప్పుడు వినిపించింది. మెల్లగా వెలుగు వేస్తే పక్కన సూది ఉన్న ఇంకొకటి! ఇటుకను కదపకుండా లోపలికి వచ్చేశాను.