కాకులను కొట్టేది ఎవరు?

శ్రీకాకుళం నుంచి:
పక్షుల రాజ్యం మీద ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. కొత్త రాజు గద్దలకు పన్ను మాఫీ చేసి, ఆ లోటంతా కాకుల మీద వేస్తాడు. సభలో ఒక ముసలి కాకి లేచి, "ఇది కాకులను కొట్టి గద్దలకు వేసినట్టుంది" అంటుంది. రాసినప్పుడు బాగానే ఉంది. మళ్లీ చదివితే తేడాగా అనిపించింది. మనకది సామెత. కాకికి సామెత ఎలా అవుతుంది? తన ఇంట్లో జరిగిన సంగతే కదా! ఉంచమంటారా, తీసేయమంటారా?

టెక్కలి నుంచి:
ఉంచేయండి. రోజూ పేపర్లో చూసే మాటే, చదివేవాళ్లకి వెంటనే తగులుతుంది.

బొబ్బిలి నుంచి:
తీసేయమనను గానీ బాబూ, ముందు ఆ సామెతను ఒకసారి విప్పి చూడండి. కాకులున్నాయి, గద్దలున్నాయి, కర్త లేడు. కొట్టింది గద్దేనని సామెత ఎక్కడా అనలేదు. అనడానికి వీల్లేదు కూడా. మా డాబా మీద నుంచి తరచూ చూస్తుంటాను. గద్ద వచ్చి కొబ్బరిచెట్టు మీద వాలితే చాలు, నాలుగు కాకులు చేరి తోక మీద పొడుస్తూ తరుముతాయి. అది అటూ ఇటూ ఒరుగుతూ పైకి పోతుందే గానీ తిరగబడటం చాలా అరుదు. ఒక కాకి చచ్చి పడిందా, పేటలోని కాకులన్నీ దిగి గోల పెడతాయి. అలాంటి జాతిని కొట్టి గద్ద ముందు పడేయాలంటే మధ్యలో ఒక చెయ్యి ఉండాలి, ఆ చేతిలో కర్ర ఉండాలి. సామెతలోని వ్యంగ్యమంతా కనబడని ఆ చేతిలోనే ఉంది. కాబట్టి ఆ మాట కాకి చేత అనిపించకండి. గద్ద చేత అనిపించండి, పరామర్శకు వచ్చినట్టుగా. కాకి మాత్రం "కొట్టిందెవరు?" అని అడగాలి.

ఇంకో మాట. ఏ కాకిని ఛీ పొమ్మని తోలేస్తామో, పదోనాడు పిండం పెట్టి ఆ కాకి కోసమే ఎండలో నిలబడి ఎదురుచూస్తాం. ముట్టకపోతే పోయినాయన మనసులో ఏ కోరిక ఉండిపోయిందోనని ఇంటిల్లిపాదీ కంగారు పడతాం. "నీ మనవరాలి పెళ్లి మేం చేస్తాం, ముట్టవయ్యా" అని మాటలిస్తాం. కాకి ముట్టాక ఆ మాటలు ఎవరికి గుర్తుంటాయి? మీ నవల్లో ఎన్నికలుంటే ఇది పనికొస్తుంది.

శ్రీకాకుళం నుంచి:
మాస్టారూ, రాజుగా గుడ్లగూబను పెట్టాను. సరిపోదంటారా?

బొబ్బిలి నుంచి:
గూబ పాత అభ్యర్థే. పంచతంత్రంలో కాకోలూకీయం చూడండి. గరుత్మంతుడు తమను పట్టించుకోవడం లేదని పక్షులన్నీ కూడి గూబకు పట్టం కట్టబోతాయి. కాకి వచ్చి, కోపం లేనప్పుడే మొహం ఇలా ఉంటే కోపమొస్తే చూడగలమా అంటుంది. పట్టాభిషేకం ఆగిపోతుంది. ఈ రెండు జాతుల పగ అక్కడ మొదలైందని కథ. పైగా గూబ మనకు అపశకునం. (బెంగాల్లో అది లక్ష్మీదేవి వాహనం. దాని జాతకం అక్కడ వేరు.) మన పాఠకుడు మొదటి పేజీలోనే వీడు దుర్మార్గుడని తేల్చేస్తాడు. ఇంక మీరు బయటపెట్టడానికి ఏం మిగులుతుంది?

నన్నడిగితే కొంగను కూర్చోబెట్టండి. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడేవాడిని అనుమానించడానికి జనం మొహమాటపడతారు. హితోపదేశంలో హంసలకూ నెమళ్లకూ యుద్ధం వచ్చింది కూడా దీర్ఘముఖుడనే కొంగ నోటిదూల వల్లే. పరాయి గడ్డ మీద నిలబడి మా దీవి ముందు మీ దేశమెంత అంది. విగ్రహం, అంటే యుద్ధం, అనే ఆ భాగాన్ని చిన్నయసూరి ముట్టుకోలేదు. 1853 నాటి నీతిచంద్రికలో మిత్రలాభం, మిత్రభేదం దగ్గరే ఆగారు. తర్వాత వీరేశలింగంగారు రాశారు.

టెక్కలి నుంచి:
కొంగను అలా అంటే మా తేలినీలాపురం వాళ్లు ఊరుకోరు మాస్టారూ! ఎర్రకాళ్ల కొంగల్నీ గూడబాతుల్నీ పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. వాటి రాక ఊరికి మంచిదని, పంటలు పండుతాయని నమ్మకం. తమాషా ఏంటంటే, అందరూ వాటిని సైబీరియా పక్షులంటారు. గూడబాతు మన దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షే. సైబీరియా మొహం కూడా ఎరగదు. మన చెట్ల మీద గుడ్లు పెట్టి, మన చెరువుల చేపలతో పిల్లల్ని పెంచుకునేదానికి విదేశీ ముద్ర! మీ రాజ్యంలో పౌరసత్వం గొడవ పెడితే ముందు దాన్నే కాగితాలు చూపించమనండి.

విజయనగరం నుంచి:
చిలకను మర్చిపోయారేంటి? రాష్ట్రం విడిపోయాక పాలపిట్ట తెలంగాణకు ఉండిపోయింది. 2018లో రామచిలుక మన రాష్ట్ర పక్షి అయింది. దసరాకి పాలపిట్ట కనబడితే జయమని మనమూ ఊరి బయటికి పోయి వెతుకుతాం. జయం చూపించే పిట్ట పక్క రాష్ట్రానిది, నేర్పింది పలికే పిట్ట మనది! సీబీఐని 2013లో సుప్రీంకోర్టే పంజరంలో చిలక అన్నాక, చిలకకు పదవి ఇవ్వకుండా పక్షుల రాజ్యం రాయడం కుదురుతుందా?

శ్రీకాకుళం నుంచి:
మంత్రి పదవి ఇచ్చేస్తున్నాను. కొంగ సంగతి ఆలోచిస్తాను, తేలినీలాపురంలో మా చుట్టాలున్నారు. మంత్రిగారి చేత ఏ తెలుగు మాట్లాడించాలి మరి?

బొబ్బిలి నుంచి:
గ్రాంథికం. నేర్పినది తప్ప పలకదు కదా. "ఎల్ల విహంగములకును సుభిక్షమగుగాక" అని రోజూ ప్రకటించమనండి. కాకులది మాత్రం మన యాసే ఉంచండి. గిడుగు రామమూర్తిగారు పుట్టిన జిల్లాలో కాకి చేత కూడా వ్యవహారికం మాట్లాడించకపోతే ఎలా? "సుబిచ్చం సరే బావూ, గింజలేవీ?" అంటే చాలు.

టెక్కలి నుంచి:
"గింజలేటైపోనాయి?" అనాలి మాస్టారూ. మీ బొబ్బిలి కాకి కొంచెం చదువుకున్నట్టుంది.