పాత కాలపు క్రిస్టల్ రేడియో: దొరకని భాగాలకు బదులు ఏం వాడుతున్నారు?

చెక్కపలక:
నమస్తే అందరికీ. 1920ల నాటి రూపంలో ఒక క్రిస్టల్ సెట్ కట్టాలని ఎప్పటి నుంచో ఉంది. చెక్క పలక మీద పెద్ద కాయిల్, ఇత్తడి స్క్రూలు, రేడియో తరంగంలోంచి మాటను విడదీసే గెలీనా రాయి, దాని మీద ఆనించిన సన్నటి తీగ. బ్యాటరీ ఉండకూడదు. చూసి మురిసిపోయే బొమ్మగా మిగలకుండా నిజంగా స్టేషన్ వినిపించాలి.

చిక్కంతా సామాన్ల దగ్గరే. స్టేషన్ మార్చడానికి తిప్పే 365 పికోఫారడ్ గ్యాంగ్ కండెన్సర్, 2000 ఓమ్‌ల హెడ్‌ఫోన్, గెలీనా రాయి, మూడూ దొరకడం లేదు. 0.5 మిల్లీమీటర్ల ఎనామెల్ రాగి తీగ మాత్రం ఉంది. మేడ మీద 15 మీటర్ల ఏరియల్ లాగే వీలుంది. వీటికి బదులు మీరేం పెట్టారు, ఎంతవరకు పనిచేసిందో చెప్పండి.

రాగిచుట్టు:
ముందు కండెన్సర్ సంగతి. పాత జేబు రేడియోల్లో ఉండే ప్లాస్టిక్ గ్యాంగ్ దొరికితే అది చాలు. అందులో రెండు భాగాలుంటాయి, ఒకటి 140, ఇంకొకటి 60 పికోఫారడ్ ప్రాంతంలో. రెండింటినీ కలిపి కడితే 200 వస్తుంది. 365తో పోలిస్తే ఇది తక్కువ కాబట్టి ఆ తేడాను కాయిల్‌లో పూడ్చాలి. మీడియం వేవ్ కింది చివర, అంటే 530 కిలోహెర్ట్జ్ అందాలంటే 365 పికోఫారడ్‌కు 250 మైక్రోహెన్రీల కాయిల్ సరిపోతుంది, 200కైతే 450 దాకా కావాలి. మీ తీగతో 6.3 సెంటీమీటర్ల గొట్టం మీద 65 చుట్లు చుడితే మొదటిది, 95 చుట్లకు రెండోది దాదాపుగా వస్తాయి. అట్ట గొట్టమైతే ముందు వార్నిష్ పట్టించి ఆరబెట్టండి. అట్ట చెమ్మ పీల్చుకుంటే కాయిల్ నాణ్యత పడిపోతుంది.

అయితే మీరు అడిగింది 1920ల రూపం కాబట్టి నా సలహా వేరు. అసలు కండెన్సరే వద్దు. 120 చుట్ల కాయిల్ చుట్టి, పై భాగంలో గీతలా ఎనామెల్ గీకేసి, దాని మీద జరిగే ఇత్తడి స్లైడర్ పెట్టండి. 15 మీటర్ల ఏరియల్‌కు స్వతహాగా కొంత కెపాసిటెన్స్, అంటే కండెన్సర్ గుణం ఉంటుంది, దానితోనే ట్యూన్ అవుతుంది. ఆ రోజుల్లో చాలా సెట్లు ఇలాగే ఉండేవి. స్లైడర్ ఒకేసారి పక్కపక్క చుట్లను తాకితే కొంత నష్టం ఉంటుంది, అందుకే దాని మొన సన్నగా ఉండాలి.

మీడియంవేవ్:
రాగిచుట్టు గారు చెప్పింది నిజమే. కానీ క్రిస్టల్ రేడియో అనగానే అందరూ క్రిస్టల్ వెంట పడతారు, నాకు బాధ కలిగించేది అదే. సెట్ పలకాలా వద్దా అన్నది తేల్చేవి ఇయర్‌ఫోన్, ఎర్త్. ఇందులో ఆంప్లిఫయర్ లేదు. ఏరియల్ పట్టిన కాస్త శక్తే చెవి దాకా రావాలి. ఆ శక్తిని వృథా చేసే ఇయర్‌ఫోన్ పెడితే ఎంత మంచి రాయి ఉన్నా లాభం లేదు.

ఫోన్‌తో వచ్చే ఇయర్‌ఫోన్ నేరుగా తగిలించకండి. దాని 16, 32 ఓమ్‌లు ఈ సెట్‌కు దాదాపు షార్ట్ సర్క్యూట్‌తో సమానం. మూడు దారులున్నాయి.

పీజో ఇయర్‌ఫోన్, అంటే వోల్టేజీకి వంగే స్ఫటికంతో పలికేది, దొరికితే అన్నిటికన్నా సులువు. ఒకప్పుడు రోషెల్ లవణం స్ఫటికంతో చేసేవారు, ఇప్పటివి సిరామిక్‌వి. దీనికి అడ్డంగా 47 నుంచి 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ కచ్చితంగా ఉండాలి. పీజో అంటే కరెంటు దృష్టిలో కండెన్సరే కాబట్టి డయోడ్ (రాయికి బదులు అదే పని చేసే చిన్న భాగం) దాటి వచ్చిన డీసీకి బయటికి పోయే దారి ఉండదు. ఛార్జ్ పేరుకుని మాట నొక్కేసినట్టు, గీరినట్టు వస్తుంది. చాలామంది ఈ ఒక్క రెసిస్టర్ వదిలేసి డయోడ్‌ను తిడతారు.

రెండోది బజర్‌లో ఉండే ఇత్తడి పీజో ప్లేటు. మూత లాంటి చిన్న డబ్బీలో అంచు మాత్రమే అంటించి, మధ్య భాగం స్వేచ్ఛగా కదిలేలా బిగించి, చెవికి గట్టిగా ఆనించుకుంటే వినిపిస్తుంది. సన్నటి గొంతుతో పలుకుతుంది, సంగీతానికి పనికిరాదు. దీనికీ అదే రెసిస్టర్ కావాలి.

మూడోది నాకు బాగా నచ్చినది, ట్రాన్స్‌ఫార్మర్. 230 వోల్టులను 6 వోల్టులకు దించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుని ఎక్కువ చుట్ల వైపు రేడియోకి, తక్కువ చుట్ల వైపు మామూలు ఇయర్‌ఫోన్‌కు కలపండి. నిష్పత్తి 38. దాని వర్గం 1470 దాకా ఉంటుంది. అంటే రెండు చెవులవీ కలిపి 16 ఓమ్‌లున్న ఇయర్‌ఫోన్ రేడియోకి 23 కిలోఓమ్‌లుగా కనిపిస్తుంది. ఈ పద్ధతిలో రెసిస్టర్ అక్కర్లేదు. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు ప్లగ్ తీగ ఉంటే ముందే కత్తిరించి పారేయండి, ఇంట్లో ఎవరూ పొరపాటున కూడా గోడకు గుచ్చకూడదు.

పిల్లిమీసం:
మీడియంవేవ్ గారూ, మీ మాట కాదనను. కానీ రాయి మీద తీగ జరుపుతూ ఉండగా నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా గొంతు లేచే ఆ క్షణం కోసమే కొందరం ఈ పని చేస్తాం. ఇది మన వాళ్లకు దూరం కాని చరిత్ర కూడా. గెలీనా డిటెక్టర్ (తరంగాన్ని పసిగట్టే ఈ రాయి భాగమే) మీద జగదీశ్ చంద్ర బోస్ 1901లో దరఖాస్తు పెట్టిన అమెరికా పేటెంట్ 1904లో మంజూరైంది. సిలికాన్ స్ఫటికంతో పనిచేసే డిటెక్టర్‌కు అమెరికా ఇంజినీర్ పికార్డ్ పేటెంట్ వచ్చింది 1906లో.

చెక్కపలక గారూ, గెలీనా దొరక్కపోతే పైరైట్ ప్రయత్నించండి. బంగారంలా మెరిసే ఆ రాయి ఖనిజాల నమూనాలు అమ్మేచోట తేలిగ్గా దొరుకుతుంది. గెలీనాకన్నా కాస్త మొండిది, తీగను కొంచెం గట్టిగా ఆనించాలి. గెలీనాకు మాత్రం ఈక తగిలినట్టు ఉండాలి. తీగకు సన్నటి ఫాస్ఫర్ బ్రాంజ్ అయితే మంచిది. రాయిని నేరుగా టంకంతో అతికించకండి, ఆ వేడికి స్పందన చచ్చిపోతుంది. పాతవాళ్లు అందుకే చాలా తక్కువ వేడికి కరిగే లోహంలో పోతపోసేవారు. మనం రాయి అడుగున అల్యూమినియం రేకు చుట్టి బిగుతైన ఇత్తడి క్లిప్పులో పెడితే సరిపోతుంది. గెలీనా అంటే సీసం గంధకం కలిసిన ఖనిజం, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. సీసాన్ని గంధకంతో కలిపి కాల్చి ఇంట్లోనే రాయి చేసుకోవచ్చని కొందరు చెబుతారు, ఆ పొగలు ప్రమాదం. దయచేసి వద్దు.

బ్లేడు, పెన్సిల్ ముల్లు కూడా నిజంగా పనిచేస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో ఇటలీలోని అంజియో దగ్గర సైనికులు కందకాల్లో అలాంటి సెట్లతోనే రేడియో విన్నారు. పిన్నీసు కొసకు గ్రాఫైట్ ముక్క చుట్టి, నీలిరంగు తిరిగిన బ్లేడు మీద మెల్లగా జరపాలి. స్టేషన్ దగ్గర్లో, బలంగా ఉంటేనే.

రాగిచుట్టు:
ముందు జెర్మేనియం డయోడ్‌తో సెట్ పలికించి, ఆ తర్వాతే రాయి పెట్టండి. లేకపోతే తప్పు రాయిదో కాయిల్‌దో తెలియక సతమతమవుతారు.

చెక్కపలక:
అందరికీ కృతజ్ఞతలు. స్లైడర్ కాయిల్ చుట్టాను, పలక మీద చాలా అందంగా కుదిరింది. పీజో ఇయర్‌ఫోన్ దొరికింది, 68 కిలోఓమ్‌ల రెసిస్టర్ కూడా పెట్టాను. డయోడ్ 1ఎన్34ఏ, అంటే జెర్మేనియం రకం అని చెప్పి అమ్మారు. సాయంత్రం వేళ చెవి పెడితే ఏదో లీలగా ఉన్నట్టుంది, మాట తెలియడం లేదు. ఎర్త్‌గా కిటికీ ఇనుప చువ్వకు కలిపాను.

మీడియంవేవ్:
ఇయర్‌ఫోన్ బతికి ఉందో లేదో ముందు తేల్చుకోండి. చెవిలో పెట్టుకుని రెండు కొసలను 1.5 వోల్టుల సెల్‌కు తాకించండి, టిక్ మనాలి. తర్వాత డయోడ్. మల్టీమీటర్‌ను డయోడ్ గుర్తు మీద పెట్టి కొలవండి. జెర్మేనియం అయితే 0.2, 0.3 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 0.6 వస్తే అది సిలికాన్, పైన ఏం రాసి ఉన్నా సరే.

కిటికీ చువ్వ గోడలో ఆగిపోతుంది, దాన్ని ఎర్త్ అనలేం. తడి నేలలో లోతుగా దిగిన ఇనుప కడ్డీ, లేదా మట్టిలోకి వెళ్లే లోహపు నీటి పైపు కావాలి. ప్లాస్టిక్ పైపు పనికిరాదు. కరెంటు ప్లగ్గులోని ఎర్త్ రంధ్రం జోలికి వెళ్లకండి.

చెక్కపలక:
0.61 చూపించింది.

గరగర:
అయితే పారేయకండి. సిలికాన్‌ను కూడా పలికించవచ్చు. 1.5 వోల్టుల సెల్, పెద్ద విలువ ఉన్న వాల్యూమ్ కంట్రోల్‌తో డయోడ్‌కు చిన్న బయాస్, అంటే ముందుగానే కాస్త వోల్టేజీ ఇస్తే, అది అప్పటికే వాహకం కాబోయే అంచున ఉంటుంది. అప్పుడు బలహీనమైన సిగ్నల్ కూడా దాటుతుంది. పాత రోజుల్లో కార్బోరండమ్ డిటెక్టర్లకు ఇలాగే సెల్ పెట్టేవారు, కాబట్టి ఇదీ పాత పద్ధతే. బ్యాటరీ వద్దనుకుంటే పాత ట్రాన్సిస్టర్ రేడియో బోర్డుల్లో ఏసీ128 లాంటి జెర్మేనియం ట్రాన్సిస్టర్ వెతకండి. దాని బేస్, కలెక్టర్ కాళ్లు రెండే వాడితే చక్కటి డయోడ్. లేదా పాత టీవీ, రేడియో బోర్డుల్లో ఓఏ79 కనిపిస్తుంది. గాజు ఒళ్లు, లోపల సన్నటి తీగ కనిపిస్తే ఆశ పెట్టుకోవచ్చు. షాట్కీ డయోడ్లలో 1ఎన్5711 కూడా దగ్గరగా వస్తుంది.

ఇంకొకటి. విన్నంతసేపూ ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు ఆపేసి చూడండి. వాటి గరగర మీడియం వేవ్ అంతటా పరుచుకుంటుంది.

చెక్కపలక:
ఏసీ128 పెట్టాను, పెరట్లో కడ్డీ దింపి నీళ్లు పోశాను. మాటలు స్పష్టంగా వినిపించాయి! ఇంట్లో అందరూ వంతులవారీగా విన్నారు. బ్యాటరీ ఏదని మా నాన్నగారు పలకను తిరగేసి చూశారు. ఎర్త్ మార్చాక వచ్చిన తేడా డయోడ్ మార్చినప్పటికన్నా ఎక్కువ. ఇప్పుడు చిక్కల్లా రాత్రి పూట రెండు స్టేషన్లు ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి.

రాగిచుట్టు:
సంతోషమండి! రాత్రికి దూరపు స్టేషన్లు వాతావరణం పైపొరల నుంచి తిరిగొస్తాయి కాబట్టి రద్దీ పెరుగుతుంది. డయోడ్‌ను కాయిల్ మొత్తానికి కలిపితే అది కాయిల్ మీద భారం వేసి ట్యూనింగ్‌ను మొద్దుబారుస్తుంది. ఎర్త్ వైపు నుంచి మూడో వంతు దగ్గర ట్యాప్, అంటే మధ్య చుట్టు నుంచి ఒక కొస తీసి డయోడ్‌ను అక్కడ కలపండి. శబ్దం కాస్త తగ్గొచ్చు, స్టేషన్లు మాత్రం విడిపోతాయి. అదీ చాలకపోతే ఏరియల్‌ను 15 చుట్ల వేరే చిన్న కాయిల్‌కు కలిపి, దాన్ని పెద్ద కాయిల్‌కు దగ్గరగా, దూరంగా జరుపుతూ చూడండి. దూరం పెరిగేకొద్దీ ట్యూనింగ్ పదునెక్కుతుంది. అయితే అప్పుడు ఏరియల్ కెపాసిటెన్స్ పెద్ద కాయిల్‌కు అందదు, ఆ ప్లాస్టిక్ గ్యాంగ్ అడ్డంగా పెట్టాల్సిందే.

పిల్లిమీసం:
మబ్బు పట్టగానే ఏరియల్‌ను సెట్ నుంచి తీసి బయటే ఎర్త్‌కు కలిపేయండి, అది మర్చిపోవద్దు. రాయి పెట్టేటప్పుడు ఆ ట్రాన్సిస్టర్‌ను తీసేయకుండా ఒక స్విచ్చుతో రెండూ ఉంచుకోండి. ట్రాన్సిస్టర్ మీద స్టేషన్ పట్టుకుని, రాయి వైపు మార్చి, అప్పుడు తీగ జరిపితే మంచి చోటు త్వరగా దొరుకుతుంది.