గుప్తోష్ణంలో ఏం దాగింది? నీళ్ళు ‘మరగడం’ గురించి

గుప్తోష్ణం అంటే ఏం గుప్తంగా ఉందండీ అని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. కామెంట్లో ఇమడదని విడిగా రాస్తున్నాను.

పొయ్యి మీద ఎసరు పెట్టి అందులో థర్మామీటరు ముంచండి. నీళ్ళు కాగుతున్నంతసేపూ అంకె పెరుగుతుంది, మరగడం మొదలయ్యాక 100 దగ్గర ఆగిపోతుంది, మంట ఎంత పెంచినా కదలదు. అక్కడి నుంచి వేడంతా నీటి అణువుల్ని విడదీసి ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది, గ్రాముకి దాదాపు 540 క్యాలరీలు (గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడి ఒక క్యాలరీ). 30 డిగ్రీల నీళ్ళు మరుగు పట్టడానికి 10 నిమిషాలు పడితే, అదే మంట మీద అవి పూర్తిగా ఇగిరిపోవడానికి ఇంకో గంటంపావు కావాలి. ఇంత వేడి లోపలికి పోయినా థర్మామీటరులో కనబడదు కాబట్టి, 1760ల్లో గ్లాస్గోలో దీన్ని కొలిచిన జోసెఫ్ బ్లాక్ దాగిన వేడి అన్నాడు, అదే మన పుస్తకాల్లో గుప్తోష్ణం అయింది.

నాకు ఇష్టమైన సంగతి ఇది. కనుమరుగులో ఉన్న మరుగుకీ, నీళ్ళు మరగడానికీ ధాతువు ఒకటేనని నా వాదన కాదు. కానీ నీళ్ళు మరిగేటప్పుడే వేడి మరుగున పడుతుంది! ఈ ఒక్క వాక్యం చెప్తే పిల్లలు మర్చిపోరు.

ద్రవీభవనం (కరగడం), ఘనీభవనం (గడ్డకట్టడం), బాష్పీభవనం (ఆవిరవడం) అన్న పుస్తకాల మాటలు ఏది ఏమైందో చెప్తాయి గానీ, వేడి తీసుకుందో ఇచ్చిందో చెప్పవు, పిల్లలు తడబడేది సరిగ్గా అక్కడే. వంటింట్లో మాత్రం ఒక్కో దశకీ ఒక్కో మాట ఉంది: అంకె పెరుగుతుంటే కాగడం, ఆగిపోతే మరగడం, నీళ్ళు తగ్గిపోతుంటే ఇగరడం.

(కింద కామెంట్లలో అడిగినవాటికి జవాబులు)

అవునండీ, నీళ్ళు మరుగుతుంటే తెలంగాణలో మసులుతున్నాయి అంటారు, చాలా మంచి మాట, పాఠంలోకి రావాల్సింది.

ఆవిరి మళ్ళీ నీరైతే ఆ 540 ఎక్కడికి పోతుందంటే, దేనిమీద నీరైందో దానికే. ఇడ్లీ ఉడికేది ఎక్కువగా దానితోనే, కుండకి వాసెన (మూతికి గుడ్డ) కట్టి వండే కుడుమూ అంతే. మరిగే నీళ్ళు పడ్డదానికన్నా ఆవిరి కొట్టిన చెయ్యి ఎక్కువ బొబ్బలెక్కేదీ అందుకే.

గడ్డకట్టేటప్పుడు నీరు వేడి ఎలా ఇస్తుంది, చల్లబడుతోంది కదా అన్నారు. మంచు కరగడానికి గ్రాముకి 80 క్యాలరీలు తీసుకుంటుంది, గడ్డకట్టేటప్పుడు అవే 80 బయటికి వదలాలి. ఫ్రిజ్ వెనకవైపు చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది, ఐస్ ట్రేలోని నీళ్ళు వదిలిన వేడి కూడా అందులో ఉంది. నెయ్యి పేరుకున్నా ఇదే లెక్క, అంకెలే వేరు.

మూత లోపల ఆవిరి నీటిబొట్లుగా మారడాన్ని మీ వైపు ఏమంటారు? మాకు చెమర్చడం ఒక్కటే తెలుసు, పుస్తకాల్లోని సాంద్రీకరణం కన్నా అదే నయం అనిపిస్తుంది.