షంటు కట్టిన నానోతీగ: క్రిటికల్ కరెంటు దాటాక వోల్టేజి మెల్లగా పెరుగుతోంది

పరిశోధక విద్యార్థిని:
ద్రవ హీలియంలో, 4.2 కెల్విన్ వద్ద, నయోబియం నైట్రైడ్ అతివాహక నానోతీగకు సమాంతరంగా 10 ఓముల షంటు (కరెంటుకు పక్కదారినిచ్చే నిరోధకం) కట్టి కొలుస్తున్నాను. క్రిటికల్ కరెంటు (తీగ అతివాహకత్వం కోల్పోయే హద్దు) దాటగానే వోల్టేజి ఒక్కసారిగా ఎగబాకవలసింది పోయి, మల్టీమీటరులో సున్నా నుంచి మెల్లగా పెరుగుతోంది. తీగను చెక్కిన నైట్రైడ్ పొర బాగోలేదనుకుని రెండు చిప్పులు పక్కన పెట్టేశాను. ఇలాంటిది ఎవరికైనా ఎదురైందా?

శీతలగది:
దయచేసి వాటిని పారవేయకండి. నేనూ ఇదే పొరపాటు చేసి ఒక నెల పోగొట్టుకున్నాను. ఆసిల్లోస్కోపు తగిలించి చూస్తే వరుసగా పల్సులు కనిపించాయి. మల్టీమీటరు చూపేది వాటి సగటు మాత్రమే. తీగలో ఒకచోట అతివాహకత్వం పోయి వేడి మచ్చ ఏర్పడగానే, దాని నిరోధం షంటుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కనుక, కరెంటు షంటులోకి మళ్లుతుంది. ఆలోగా తీగ చల్లారి మళ్లీ అతివాహకమవుతుంది. అప్పుడు కరెంటు నెమ్మదిగా తీగలోకి తిరిగివచ్చి, హద్దు దాటి, మళ్లీ మచ్చను పుట్టిస్తుంది. ఈ తిరిగిరావడానికి పట్టే కాలాన్ని నిర్ణయించేది తీగ గతిజ ప్రేరకత్వానికీ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) షంటు నిరోధానికీ ఉన్న నిష్పత్తి. మీ తీగది 1 మైక్రోహెన్రీ అయితే అది 100 నానోసెకన్లు.

బయాస్ (బయటినుంచి ఇచ్చే కరెంటు) పెంచుతూ పల్సుల పౌనఃపున్యాన్ని గమనించండి. హద్దుకు కాస్త పైన పల్సులు అరుదుగా, క్రమం లేకుండా వస్తాయి, ఎందుకంటే కరెంటు హద్దును చేరే చివరి అడుగు చాలా నెమ్మదిగా పడుతుంది, అక్కడ చిన్న నాయిస్ కూడా సమయాన్ని మార్చేస్తుంది. బయాస్ పెరిగేకొద్దీ అవి దగ్గరపడతాయి.

కొలతలమేడ:
షంటు పెద్దదైతే కథ మారుతుంది. నేను 10 ఓములకు బదులు 50 పెట్టినప్పుడు, తీగ చల్లారేలోపే కరెంటు తిరిగివచ్చి, వేడి మచ్చ ఆరకుండా నిలిచిపోయింది. దీన్నే లాచింగ్ అంటాం. షంటును డ్యూవార్ (ద్రవ హీలియం పాత్ర) బయట పెట్టడమూ మంచిది కాదు, ఒక మీటరు పొడవు కోయాక్సియల్ కేబులు దాటడానికే సంకేతానికి సుమారు 5 నానోసెకన్లు పడుతుంది. చిప్పు పక్కనే పెట్టండి.

పరిశోధక విద్యార్థిని:
ధన్యవాదాలండీ. ఈ రోజు చూశాను, రెండు చిప్పుల్లోనూ పల్సులు ఉన్నాయి. బయటి సంకేతంతో ఈ డోలనాలను ఒక పౌనఃపున్యానికి కట్టివేయడం సాధ్యమేనా?

శీతలగది:
సాధ్యమే. 2018లో ఎం.ఐ.టి.లో కార్ల్ బెర్‌గ్రెన్ బృందం ఇలాంటి తీగల్లో బయటి సంకేతం డోలన పౌనఃపున్యాన్ని తనవైపు లాక్కోవడాన్ని చూపించింది. బలహీనమైన సంకేతంతో మొదలుపెట్టండి. బలం పెరిగితే ఆ సంకేతమే తీగను హద్దు దాటిస్తుంది, అప్పుడు మీరు చూస్తున్నది తీగ సొంత డోలనమో కాదో తేల్చుకోలేరు.