పెంపుడు చీమలు పట్టుపురుగుల తట్టెక్కితే: మందు పెట్టొచ్చా, కూడదా?

గాజుగూడు:
ఒకే ర్యాకులో పెంపుడు చీమల పెట్టె, మాంటిస్ (ముందుకాళ్లు ముడుచుకుని వేటాడే పురుగు) డబ్బాలు, పట్టుపురుగుల తట్ట. మూత సందులోంచి చీమలు బయటపడి తట్టదాకా బారు కట్టాయనుకోండి. బోరిక్ యాసిడ్ ఎర పెట్టాలా, మందు ఊసే లేకుండా ఏరి పట్టుకోవాలా? నా ఓటు ఎరకే. ఒక్కొక్కటే ఏరుతూ కూర్చుంటే తెల్లారదు.

చంద్రిక:
ఎర సంగతి తర్వాత, ముందు తట్ట దించండి. జ్వరానికి కూర్చున్న (పొర విడవబోయే) పురుగు కదలదు, పొర విడిచాక ఒళ్లు మెత్తగా ఉంటుంది. చీమ ముందు పట్టేది దాన్నే. మెత్తని బ్రష్షుతో పురుగుల్ని శుభ్రమైన తట్టలోకి మార్చండి. పాత ఆకు, రెట్ట మొత్తం జిప్ కవర్లో కట్టి రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పడేస్తే అందులో దాక్కున్న చీమలు చస్తాయి.

తర్వాత ర్యాకు కోళ్ల కింద నీళ్ల గిన్నెలు. హిందూపురం, మడకశిర వైపు పట్టు రైతులు స్టాండుకు చేసేది ఇదే. నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేయండి. వట్టి నీళ్ల మీద దుమ్ము తెట్టు కడితే చిన్న చీమలు దానిమీద నడిచే వెళ్తాయి. ర్యాకు గోడకు ఆనినా, ఒక్క మల్బరీ ఆకు కిందికి వేలాడినా గిన్నెలు దండగ.

మూడుమిల్లీ:
ఏ చీమో చెప్పకుండా ఈ వాదనేంటండీ! గండు చీమలైతే (కాంపొనోటస్ కంప్రెసస్) సాధారణంగా రాణి ఒక్కటే, అది పెట్టెలోనే ఉంటుంది. బయటపడ్డ కూలి చీమలు కొత్త పుట్ట పెట్టలేవు. గుడ్లు పెట్టినా మగవే పుడతాయి. వీటికి మందెందుకు? నల్ల కాగితం చుట్టిన టెస్ట్ ట్యూబులో తడి దూది, ఒక చుక్క పంచదార నీళ్లు పెట్టి రాత్రంతా దారిలో వదలండి. పొద్దున్న చూసేసరికి చాలావరకు లోపలే ఉంటాయి, దూది బిగిస్తే సరి.

ఇళ్లలో తిరిగే చిన్న చీమలు ఫారో, టాపినోమా వేరే కథ. రాణులు చాలా ఉంటాయి, కొన్ని విడిపోయి ఇంకోచోట గూడు పెడతాయి. స్ప్రే కొడితే ఫారో చీమల గూడు ముక్కలై నాలుగు చోట్ల తేలుతుంది.

అసలు అవి మీ చీమలేనా? తల నల్లగా, పొట్ట పాలిపోయినట్టు, మిల్లీమీటరున్నర ఉన్నదాన్ని వేళ్ల మధ్య నలపండి. కుళ్లిన కొబ్బరి వాసన వస్తే అది టాపినోమా, మీ వంటింటి నుంచే వచ్చి ఉంటుంది. పాపం, నింద మాత్రం పెంపుడు చీమల మీద.

గాజుగూడు:
నేననేదీ అదే కదన్నా, ఫారో అయితే ఎర తప్ప దారి లేదు. 100 మి.లీ. నీళ్లు, 10 గ్రాముల పంచదార, 1 గ్రాము బోరిక్ యాసిడ్. అంతకు మించితే కూలి చీమ రాణికి తినిపించకముందే దారిలో చస్తుంది. క్యారమ్ పౌడరు వాడొద్దు, అన్నిట్లో బోరిక్ యాసిడ్ ఉండదు. మందుల షాపులో అడగండి. వారాలు పడుతుంది, ఓపిక కావాలి.

చంద్రిక:
లెక్క సరే. పెట్టె సందు మూయకుండా ఎర పెడితే? బయటపడ్డ మీ చీమే ఆ మందు కడుపులో మోసుకెళ్లి మీ రాణికే తినిపిస్తుంది. ముందు పెట్టె మూసి, వేరే గదికి మార్చండి. ఎర ర్యాకు దగ్గర వద్దు, బారు మొదలయ్యే గోడ మూలలో, చీమ మాత్రమే పట్టే చిన్న కన్నమున్న మూత డబ్బాలో పెట్టండి. ఎర తిన్న చీమను మాంటిస్ తినకూడదు.

మూడుమిల్లీ:
దీనికి ఒప్పుకుంటా. చీమల చాక్‌పీసు గీత మాత్రం ఎవరూ గీయకండి. అందులో ఉండే డెల్టామెత్రిన్ పట్టుపురుగునీ వదలదు. దోమల లిక్విడ్ మిషనూ ఆ గదిలో వద్దు.

సందు మూశాక చీమల పెట్టె లోపలి గోడల పైభాగాన నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పున టాల్కం పౌడరు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి పూయండి, చీమలు జారిపోయి పైకెక్కలేవు. పూర్తిగా ఆరాకే చీమల్ని వదలాలి. వానాకాలం తేమకి పొడి గడ్డకట్టి పట్టు వదులుతుంది, మళ్లీ పూయాల్సిందే. మాంటిస్ డబ్బాకి ఇది పూయొద్దు. అది పైనుంచి వేలాడుతూ పొర విడుస్తుంది, కాలు జారితే వంకరపోతుంది.

గాజుగూడు:
సరే, గండు చీమలకి ఎర మాట వెనక్కి తీసుకున్నా. మాంటిస్ డబ్బా గాలి కన్నాలకి దోమతెర సరిపోతుందా?

మూడుమిల్లీ:
చాలదు. దోమతెర కన్ను మిల్లీమీటరు పైనే, ఫారో చీమ తల అర మిల్లీమీటరు ఉంటే గొప్ప. సన్న స్టీలు జాలీ వేడి జిగురుతో అంటించండి, అంచుల్లో ఖాళీ వదలకుండా.