మార్కింగ్ కత్తి కొనాలా, ఆక్సా బ్లేడు అరగదీస్తే చాలదా?

చెక్కపొట్టు:
బాల్కనీలో ఆదివారం వడ్రంగం నాది. టేకు స్టూలుకి కూసాలు (బెజ్జంలో దిగే కొయ్య కొనలు) కోస్తుంటే ప్రతిసారీ వెంట్రుకవాసి వదులొస్తోంది. పెన్సిల్ గీత లావైపోతోంది, కత్తితో గీయమన్నారు. విదేశీ కత్తుల ధర చూసి కళ్లు తిరిగాయి. స్టేషనరీ షాపు కట్టర్ పనికిరాదా?

బాడిసదెబ్బ:
కత్తీ వద్దు, కట్టరూ వద్దు. మా నాన్న జీవితమంతా ద్వారబంధాలు చేశాడు, చెవిలో పెన్సిలే. గీత ఉంచి కోయడం చేతికి రావాలి తమ్ముడూ.

సానరాయి:
ద్వారబంధానికి మీ నాన్నగారి పెన్సిల్ చాలన్నా, కాదనను. కూసం భుజాల దగ్గర, అంటే కొన సన్నబడే మెట్టు దగ్గర, లెక్క వేరు. కత్తి పెట్టేది గీత కాదు, సన్నటి గాడి. ఉలి అంచు అందులో కూర్చుంటుంది. పీచు ముందే తెగి ఉంటుంది కాబట్టి రంపం పైపొర లేపదు. పెన్సిల్‌ని ఎంత చెక్కినా ఆ పని చేయదు.

కట్టర్ మాత్రం వద్దు. దాని అంచుకి రెండు వైపులా వాలుంటుంది, మూలమట్టానికి ఆనించినా మొన కాస్త ఎడంగా నడుస్తుంది. రేకు కూడా వంగుతుంది. ఒకవైపే వాలు, రెండోవైపు పూర్తి చదును: చూడాల్సింది ఇదొక్కటే. చదును వైపు సానరాయి మీద తేల్చకపోతే ఎంత ఖరీదైన కత్తయినా దండగే.

టేకుదుంగ:
ఆక్సా బ్లేడుతో చేసుకున్నా, రెండ్రోజులకే మొన మొద్దుబారింది. విసుగెత్తి జపాన్ మార్కింగ్ కత్తి, కిరిదాషి, కొన్నా. హాయిగా ఉంది.

సానరాయి:
వీపు వైపు సాన పట్టి ఉంటారు. వంచితే విల్లులా వంగే రకం బైమెటల్. అందులో పళ్ల వరుస ఒక్కటే హైస్పీడ్ స్టీలు, వీపు మెత్తటి ఉక్కు. పూర్తి హైస్పీడ్ స్టీలుతో చేసిన, మెషీన్‌కి వేసే మందపాటి పవర్ ఆక్సా బ్లేడు ముక్క కావాలి. వెల్డింగ్ షాపు తుక్కులో అడిగి చూడండి. గ్రైండర్ మీద నీలం తిరిగినా దానికేం కాదు, 500 డిగ్రీలు దాటినా గట్టిదనం నిలుస్తుంది. పాత ఆకురాయితో చేస్తే మాత్రం 300 దగ్గర నీలం తిరిగిందంటే ఆ మొన పోయినట్టే. మాటిమాటికీ నీళ్లలో ముంచాలి.

బాడిసదెబ్బ:
డవ్‌టెయిల్ (పావురం తోకలాంటి పళ్ల అతుకు) సందులో అంత మందం రేకు దూరుతుందా?

సానరాయి:
దూరదు. దానికి చేతి ఆక్సా బ్లేడే, పుటుక్కున విరిగే గట్టి రకం. అర మిల్లీమీటరుకి కొంచెం ఎక్కువుంటుందంతే. కళ్లద్దాలు పెట్టుకునే అరగదీయండి.

చెక్కపొట్టు:
నాది ఎడమచేతి వాటం. వాలు ఎటు పెట్టాలి?

సానరాయి:
మట్టం మీకు కుడివైపుంటుందిగా, చదును కుడికి, వాలు ఎడమకి. మొదటి గీత తేలిగ్గా, తర్వాతే బలంగా. నల్లటి చెక్కలో గీత కనపడకపోతే సుద్దముక్క రుద్దండి.

బాడిసదెబ్బ:
సరే, నేనూ పెన్సిల్‌తో ఒక స్టూలు చేస్తా. ఎవరి కూసాలు కదులుతాయో చూద్దాం.